పేదనేల రోగపునేల కాదు

మన కర్నూలు, కడప జిల్లాలలో ఊరిబయటి బీటిని జూచి పెద్దలు సామాన్యముగా చెప్పెడి మాట యొకటి కలదు: "అది యెందుకును పనికిరాని నేల." ఆ మాటకు ఆధార మేమని యడిగినచో, "అందులో సారము లేదు, విత్తనము వేసిన మొలవదు, మొలచినను ఏపుగా పెరుగదు" అని బదులు చెప్పుదురు. సారము లేదనుట సత్యమే. పైరునకు వెంటనే అందెడి నత్రజని బీటినేలలో మిక్కిలి స్వల్పము. ఐనను అందుచేత ఆ నేల పనికిరానిదని తీర్పు చెప్పుట న్యాయము కాదు. నత్రజని అట్లు స్వల్పముగా నుండుటయే ఆ బీడు ఆరోగ్యముగా నున్నదనుటకు గుర్తనియు, అది హెచ్చుట మొదలుపెట్టినప్పుడే మనము భయపడవలెననియు మా యభిప్రాయము. పైరుపొలమునకు ఏర్పఱచిన కొలతతో బీటిని కొలుచుటవలన మన జిల్లాలకు కలుగుచున్న నష్టమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, మా తోడి ఉపాధ్యాయులకును విన్నవించుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బీడనగా మేము దేనిని గూర్చి చెప్పుచున్నామో ముందుగా స్పష్టపఱచవలెను. కొన్నియేండ్లు దున్నక విడిచిన చేనిని గూర్చి మేము చెప్పుట లేదు. నల్లమల, ఎఱ్ఱమల, లంకమల, పాలకొండల పాదములయందును, వాని నడుమ నున్న గరుసుమిట్టల మీదను, నాగలి యెఱుగక తరతరములుగా నిలిచియున్న నేలను గూర్చి చెప్పుచున్నాము. అందు చండ్ర, తెల్లతుమ్మ, రేగు, బలుసు, కలివి మొదలైన చెట్లును పొదలును ఎడమెడముగా నుండును. వాని నడుమ బోద మొదలైన దుబ్బుగడ్డులు పెరుగును. చెట్టు గడ్డిని కప్పివేయదు, గడ్డి చెట్టును మొలవనీయక మానదు. ఏటికి సుమారు 600 మొదలు 700 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమలో, అదియు కొన్ని నెలలలోనే కురిసిపోవుచుండగా, ఈ రెండును ఒకదానితో నొకటి సర్దుకొని బ్రదుకుచున్నవి. అడవియనిన దట్టముగా నుండవలెనని తలంచువారికి ఇది చెడిపోయిన యడవివలె కనబడును. వాస్తవమున ఇది చెడిపోయిన యడవి కాదు, వేఱొక జాతి యడవి. దీనిని మేము గడ్డివనమని పిలిచెదము.

ఇక నత్రజని సంగతి. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. కాని గాలిలోని నత్రజనిని మొక్క తినజాలదు. అది నేలలో లవణరూపమున, ముఖ్యముగా నైట్రేటుగా, నీటిలో కరిగియున్నప్పుడే వేరు దానిని గ్రహించును. కంది, పెసర, తుమ్మ మొదలైన కాయజాతి మొక్కల వేళ్లమీది బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందించును. పిడుగుపాటు వలనను కొంత నేలకు దిగును. రాలిన ఆకు, చచ్చిన వేరు, పశువుల పేడ, ఇవన్నియు క్రుళ్లునప్పుడు వానిలోని నత్రజనిని సూక్ష్మజీవులు విడగొట్టి తుదకు నైట్రేటుగా మార్చును. వేసవిలో ఎండి బీటలు వాఱిన నేలమీద తొలకరి పడగానే ఈ పని ఒక్కసారిగా వేగిరపడి, కొలది దినములలోనే నైట్రేటు పుష్కలముగా పుట్టును. తొలకరి వానకు పైరు కళకళలాడుటకు నీరొక్కటియే కారణము కాదు.

ఇచ్చట విద్యార్థులు ఒక భేదమును గుర్తెఱుగవలెను. నేలలోని మొత్తము నత్రజని వేఱు, అందులో నైట్రేటుగా విడివడియున్న భాగము వేఱు. రైతు ఇంటి గాదెలోని ధాన్యము వంటిది మొదటిది. చేటలోనికి తీసిన గింజల వంటిది రెండవది. ఆరోగ్యముగా నున్న గడ్డివనములో నత్రజనిలో నధికభాగము గాదెలో, అనగా దుబ్బుల వేళ్లలోను, కుళ్లిన పదార్థములోను, సూక్ష్మజీవుల దేహములలోను భద్రముగా నుండును. చేటలో నున్నది బహు స్వల్పము. దుబ్బుగడ్డి ఏండ్ల తరబడి బ్రదుకును గనుక, తొలకరి పడునప్పటికే దాని వేళ్లు నేలలో సిద్ధముగా నుండి, పుట్టిన నైట్రేటును పుట్టినట్లే పీల్చుకొనును. పైగా ఎండిన గడ్డిలో నత్రజని తక్కువ, కర్బనము ఎక్కువ. అట్టి గడ్డిని క్రుళ్లజేయు సూక్ష్మజీవులకు తమ దేహపోషణకే నత్రజని చాలక, నేలలోని నైట్రేటును గూడ తామే తీసికొనును. ఈ విధముగా గడ్డి తానే నేలను పేదగా నుంచుచు, ఆ పేదఱికములో తానే సుఖముగా బ్రదుకుచున్నది.

నేల అట్లు పేదగా నుండుట గడ్డికి కోటగోడ వంటిది. విత్తనము పడిన మూడు నాలుగు నెలలలో మొలచి, పూచి, కాచి చచ్చెడి కలుపుమొక్కలకు తొందర యెక్కువ. ఆ తొందరకు తగినంత నైట్రేటు కావలెను. అది దొరకనిచోట అవి గిటకబాఱి దుబ్బుల నడుమ అణగియుండును. ఏ కారణముచేతనైనను దుబ్బులు నశించినచో, పుట్టిన నైట్రేటును పీల్చువారు లేక అది నేలలో మిగిలిపోవును. అప్పుడు కలుపు విజృంభించును. కలుపు వేసవికి చచ్చి, త్వరగా క్రుళ్లి, మరుసటి తొలకరికి మరల నైట్రేటును విడుచును. ఆ నైట్రేటుతో మరల కలుపే పెరుగును. ఒకమారు ఈ చక్రములో చిక్కిన బీడు తనంతట తాను తిరిగి దుబ్బుగడ్డికి రాజాలదు. కంటికి పచ్చగా నుండును గనుక చూచువారు నేల బాగుపడినదని సంతసింతురు. వాస్తవమునకు అది చెడిపోయినది.

ఇది పుస్తకపు మాట యని యెవ్వరును త్రోసివేయవలదు. మన రైతులు చిరకాలముగా నెఱిగిన సంగతియే యిది. ఊరి పెంటదిబ్బ ప్రక్కన ఏమి మొలచుచున్నదో చూడుడు. ఉమ్మెత్త, ముళ్లతోటకూర ఏపుగా నుండును. పెంటలోని నత్రజని వానికి విందు. పూర్వ మెప్పుడో జనులు కాపురముండి విడిచిపోయిన పాటిదిబ్బలను త్రవ్వి, ఆ పాటిమన్నును బండ్లమీద తోలి చేలకు వేయుట మన పెద్దల ఆచారము. మనుష్యులును పశువులును ఎన్నియో తరములు నివసించిన చోట నత్రజని పేరుకొనునని వారు అనుభవముచే గ్రహించిరి. అదే పాటిదిబ్బమీద బోదగడ్డి నిలువదు. నేలలో సారమెంతయున్నదో మొలచిన మొక్కయే చెప్పును.

మంద కట్టించుట యను మన సీమ యాచారము ఇంతకంటె గొప్ప పాఠము. గొఱ్ఱెల కాపరులు పగలంతయు మందను బీటిలో మేపి, రాత్రి ఒక రైతు చేనిలో నిలుపుదురు. అందులకు రైతు వారికి ధాన్యమో పైకమో యిచ్చును. గొఱ్ఱె పగలు తిన్న గడ్డిలోని నత్రజని రాత్రి పెంటికయై, మూత్రమై చేనిలో పడును. అనగా మన చేలు సారవంతమగుటకు బీడు తరతరములుగా తన నత్రజనిని కొద్దికొద్దిగా ఇచ్చుచు వచ్చినది. చేను బలిసినది, బీడు సన్నగానే నిలిచినది, రెండును తమ తమ రీతిని ఆరోగ్యముగానే యున్నవి. మంద రాత్రులయందు గూడ బీటిలోనే ఒకే చోట నిలిచినచో ఆ చోట గడ్డి పోయి కలుపు మొలచుటను కాపరులందఱు నెఱుగుదురు. ఇంత చక్కని యేర్పాటును కనిపెట్టిన పెద్దలు బీటిని పనికిరానిదని యెన్నడును తలంచి యుండరు. ఆ మాట తరువాత వచ్చిన లెక్కలపుస్తకములనుండి పుట్టినది.

ఇతర దేశములలో జరిగిన పరీక్షలును ఈ యనుభవమునే బలపఱచుచున్నవి. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ అను చోట 1856లో ఒక పచ్చికబయలును మళ్లుగా విభజించి, కొన్నిటికి ఎరువు వేయుచు, కొన్నిటికి ఏమియు వేయక, నేటివఱకు పరిశీలించుచున్నారు. ఎరువు వేయని మళ్లలో 30కి పైబడిన మొక్కజాతులు కలిసి పెరుగుచున్నవి. అమ్మోనియా ఎరువు మిక్కుటముగా వేసిన మళ్లలో గడ్డి తూకమునకు హెచ్చినను, జాతులు రెండు మూడింటికి తగ్గిపోయినవి. ఆస్ట్రేలియాలో మన బీళ్లను బోలిన గడ్డివనములు కలవు. గోధుమసాగువలనను గొఱ్ఱెలమేపువలనను అవి చాలవఱకు చెడిపోయినవి. చెడని తావులలో నైట్రేటు తక్కువగాను, చెడినచోట ఎక్కువగాను ఉన్నట్లు అక్కడి శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. పిమ్మట వారు చెడిన నేలలో పంచదార చల్లిరి. వినుటకు వింతగా నుండును గాని కారణము సులభము. పంచదారలోని కర్బనమును తిని సూక్ష్మజీవులు వృద్ధియై, నేలలోని నైట్రేటును తమలోనికి లాగుకొనెను. కలుపు గిటకబాఱెను. ఆ యదనున చల్లిన దేశవాళీ గడ్డివిత్తనములు మొలచి నిలదొక్కుకొనెను. ఒకమారు గడ్డి స్థిరపడిన తరువాత పంచదారతో పని లేకయే అది నైట్రేటును తక్కువగా నుంచగలిగెను.

మన జిల్లాలలో ఈ రోగమునకు ముఖ్యమైన పేరొకటి కలదు. అదియే సర్కారుతుమ్మ. కొన్ని యూళ్లలో దానిని కంపచెట్టనియు పిలుతురు. ఈ చెట్టు మన దేశపుది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండము. వంటచెఱకు కొఱత తీర్చుటకై 1877లో జమైకా దీవినుండి తెప్పించిన విత్తనములు మన కడప జిల్లా కమలాపురమున నాటబడెను. భారతదేశమున ఈ చెట్టు కథకు మొదటి పుటలలో మన కమలాపురము పేరున్నదని మన పిల్లలలో ఎందఱెఱుగుదురు? నాటినవారి యుద్దేశము మంచిదే. చెట్టు త్వరగా పెరిగెను, కఱవునకు తాళెను, పొయ్యిలోనికి కట్టె నిచ్చెను. గొఱ్ఱెలు, మేకలు, పశువులు దాని తీయని కాయలను తిని, విత్తనములను పేడలో నలుదిక్కులకు చేర్చెను. నేడు డొంకలు, చెఱువుకట్టలు, వంకలు, మేతభూములు దానిచే నిండియున్నవి.

ఈ చెట్టు కాయజాతిది గనుక వేళ్లద్వారా నత్రజనిని నేలకు చేర్చును. దాని యాకులో నత్రజని మెండు. అది రాలి త్వరగా క్రుళ్లును. అందుచేత సర్కారుతుమ్మ క్రింది మట్టిని పరీక్షించినచో, దాని ప్రక్కనున్న బయలుమట్టికంటె నత్రజనియు కుళ్లుపదార్థమును అధికముగా కనబడును. ఇది చూచి కొందఱు ఆ చెట్టు నేలను బాగుచేయుచున్నదని పొగడుదురు. మేము వారి నొకటే యడిగెదము: సారము హెచ్చిన ఆ నేలలో గడ్డి యేది? దట్టమైన కంప క్రింద పశువు నోటికందు పరక యొకటియు నుండదు. నీడయు, నీటికొఱకు పోటీయు, ఆకులలోని విషగుణమును గడ్డిని చంపును. హెచ్చిన నత్రజని ఆ గడ్డికి మరల చోటు లేకుండ చేయును. కంపను కొట్టి అంతటితో విడిచినచో, ఆ సారమును వయ్యారిభామ యను కలుపు దోచుకొనును. పుణె ప్రాంతమున 1950 తరువాతి దశకములో బయలుపడి దేశమంతట వ్యాపించిన యీ మొక్కను మన పశువులు ముట్టవు. మనుష్యులకు చర్మమున దురదను, కొందఱకు ఉబ్బసమును కలిగించును. తండ్రి చేసిన యప్పును కొడుకు తీర్చినట్లు, కంప విడిచిపోయిన నత్రజనికి బీడు ఏండ్ల తరబడి మూల్యము చెల్లించుచుండును.

గడ్డి పోయినచో పశువులమేత యొక్కటే పోవునని తలంపరాదు. నందికొట్కూరు ప్రాంతమున నున్న రోళ్లపాడు గడ్డిభూమి 1988లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. దాని విస్తీర్ణము 614 హెక్టార్లు. బట్టమేకపిట్టను కాపాడుటకే దాని నేర్పఱచిరి. ఆ పిట్ట మనిషి నడుమెత్తు పెరుగును. చెట్టుమీద గూడు కట్టదు. బయలునేలమీద సామాన్యముగా ఒకే గ్రుడ్డు పెట్టును. మిడుతలు, పురుగులు, గింజలు దాని యాహారము. దూరపు చూపునకు అడ్డులేని పొట్టిగడ్డియే దానికి ఇల్లు. చుట్టుపట్ల మెట్టపైరు లున్నంతకాలము ఆ పిట్టకు చేలును బీడును రెండును పనికివచ్చెను. కాలువనీరు వచ్చి, మెట్ట మాగాణియై, ఎరువులు పెరిగిన తరువాత దానికి నిలువనీడ లేకపోయెను. నేడు దేశమంతట కలిపి ఆ పిట్టలు 150కి మించి లేవని నిపుణులు చెప్పుచున్నారు. అందులో నధికభాగము రాజస్థానముననే యున్నవి.

కడప జిల్లాలో కలివికోడి కథయు ఇట్టిదే. థామస్ జెర్డన్ అను వైద్యుడు 1848లో లోకమునకు తెలిపిన ఈ పక్షి, 1900 ప్రాంతము తరువాత కానరాక, నశించినదని యందఱు తలంచుచుండగా, 1986లో సిద్ధవటము ప్రాంతమున మరల బయలుపడెను. దానికై లంకమల అడవిలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము నేర్పఱచిరి. ఆ పక్షికి పొదలు కావలెను, పొదల నడుమ పరుగెత్తుటకు బయలును కావలెను. పొదలు నఱికివేసిన దానికి చోటు లేదు, పొదలు దట్టమైనను చోటు లేదు. ఎడమెడముగా నుండుటయే దాని ప్రాణము. ఆ యెడము నేల పేదఱికముతో ముడివడియున్నది. సారము హెచ్చి కంపయు కలుపును క్రమ్మినచో, గొడ్డలి పెట్టు పడకయే ఆ పక్షి యిల్లు పోవును.

ఇట్లుండగా మనము బీటిని ఏ కొలతతో కొలుచుచున్నాము? ప్రభుత్వమువారు 2015లో నేల ఆరోగ్యపత్రముల పథకమును ప్రారంభించిరి. రైతు పొలములోని మట్టిని 12 విషయములలో పరీక్షించి పత్రము నిచ్చెదరు. అది రైతునకు మేలైన పని. ఆ పరీక్షలో మొక్కకు అందెడి నత్రజని హెక్టారునకు 280 కిలోలకు లోబడినచో తక్కువయనియు, 280 మొదలు 560 వఱకు మధ్యమమనియు, అంతకు మించినచో ఎక్కువయనియు వ్రాయుదురు. ఇది వరికి, జొన్నకు, వేరుసెనగకు ఎరువు లెక్కించుటకై పెట్టిన కొలత. దీనిని బీటిమీద పెట్టి "తక్కువ" యని వ్రాసి, ఆ తక్కువను రోగముగా నెంచుట, చేపను చెట్టెక్కించి పరీక్షించి అది చేతగానిదని తేల్చుటవంటిది. దేశములోని బంజరుభూముల పటములలో సయితము పొదలతో నున్న భూమిని బంజరు వర్గముగా చేర్చియున్నారు. కాగితముమీద బంజరని యొకమారు వ్రాసిన నేలను కాపాడువారుండరు. కార్ఖానాకో, పెద్ద రోడ్డునకో, సౌరవిద్యుత్తునకో చోటు వెదకునప్పుడు అందఱ చూపును మొదట ఆ కాగితముమీదనే పడును. మన కర్నూలు సీమలో గని, శకునాల గ్రామములయొద్ద 2017లో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది. ఎండనుండి విద్యుత్తు తీయుటను మేము నిందింపము. నేలను దేనికైనను ఇచ్చుటకు ముందు దాని పేరు సరిగా వ్రాయుమని మాత్రమే మా ప్రార్థన.

మా మాటకు కొందఱు ఆక్షేపణలు చెప్పవచ్చును. మొదటిది: "నత్రజని తక్కువయున్న ప్రతినేలయు ఆరోగ్యమైనదేనా?" కాదు. వానకు మట్టి కొట్టుకొనిపోయి రాళ్లు తేలిన మిట్టలో గాదెయు ఖాళీయే, చేటయు ఖాళీయే. అది నిజముగా రోగపునేల. అందుచేతనే గాదెను చేటను వేఱువేఱుగా చూడవలెనని ముందే చెప్పితిమి. గాదె నిండి చేట ఖాళీయైన ఆరోగ్యము. రెండును ఖాళీయైన నేల కొట్టుకొనిపోయినది. చేట పొంగి పొరలుచున్న నేల కలుపు పాలైనది. వైద్యుడు నాడి యొక్కటే చూచి తీర్పు చెప్పనట్లు, మనమును మట్టిపరీక్షతోపాటు దుబ్బుగడ్డి యున్నదా, నేలమీద మట్టిపొర నిలిచియున్నదా యని చూడవలెను.

రెండవది: "చెట్లు నాటుట మంచిపని గదా, పాఠశాలలే పిల్లలచేత నాటించుచున్నవి గదా?" నిశ్చయముగా మంచిపనియే. బడి యావరణములో, బాటల ప్రక్కల, ఇంటిముంగిట వేప, కానుగ, చింత నాటవలెను. కాని గడ్డి బాగుగా నున్న బీటిలో గుంటలు త్రవ్వి, ఎరువు వేసి, మొక్కలు వరుసగా నాటుట మేలుచేయబోయి కీడుచేయుటయే. త్రవ్విన గుంటలో దుబ్బులు చచ్చును, వేసిన ఎరువు కలుపునకు విత్తనపు పండుగ యగును. రెండేండ్లలో మొక్క ఎండిపోవచ్చును, కలుపు మాత్రము నిలుచును.

మూడవది అన్నిటికంటె బరువైనది: "కంపచెట్టుతో బొగ్గు కాల్చుకొని బ్రదుకు పేదలున్నారు, వారి గతి యేమి?" ఈ మాటను తేలికగా తీసివేయ మా మనస్సొప్పదు. కఱవు దినములలో ఎన్నియో పొయ్యిలు దానివలననే వెలిగినవి. అందుచేత కంపనంతటిని ఒక్కసారిగా పెఱికివేయవలెనని మేము చెప్పము. గడ్డి యింకను కొంత మిగిలియున్న మేతబీళ్లలో మాత్రము ముందుగా తీసివేసి, ఆ పనిని ఆ బొగ్గుకాల్చువారికే కూలియిచ్చి అప్పగింపవచ్చును. గడ్డి యెన్నడో పోయిన చోటులలో కంప వారికి వంటచెఱకుగా నుండనిమ్ము. గడ్డి తిరిగి వచ్చిన బీడు కాపరికి మందను, రైతునకు ఎరువును, ఇంటికి కప్పుగడ్డిని ఇచ్చును. వారును పేదలే.

కంప తీసిన చోట చేయవలసినది యింకొకటి కలదు. నేలను ఊరక విడువరాదు. తొలకరికి ముందే సమీపపు బీళ్లనుండి ఏరిన దుబ్బుగడ్డి విత్తనమును చల్లవలెను. మొలచిన కంపమొక్కలను వేరుతో పెఱుకవలెను. మొదటి యేండ్లలో ఆ చోట మందను రాత్రులు నిలుపరాదు. పెరిగిన పచ్చికను విత్తు పట్టకమునుపే కోసి అక్కడనే పడవేయక మోసికొనిపోవలెను, ఏలయనగా మోపుతోకూడ హెచ్చిన నత్రజనియు బయటికి పోవును. కోసిన పచ్చికలో పశువునకు పనికివచ్చునది పశువునకు, మిగిలినది ఎరువుకుప్పకు. నత్రజని కావలసిన చేనికి అది చేరును, అక్కఱలేని బీటినుండి తొలగును. మన పెద్దలు మందలతో చేసిన పనియే యిది.

మన విద్యార్థులు ఇందులో చేయగలిగిన పని యేమి? పై తరగతుల పిల్లలు ఏటేట తొలకరి పడిన పదిదినములకు మూడు చోట్లనుండి మట్టి తీయవచ్చును: దుబ్బుగడ్డి బాగుగానున్న బీడు, సర్కారుతుమ్మ నీడ, ఊరిప్రక్క మంద నిలుచు చోటు. ఒక్కొక్కచోట పలు తావులలో జానెడు లోతున తీసి కలిపి, నీటితో కలియబెట్టి వడగట్టి, నైట్రేటు పరీక్షించు కాగితపు పట్టీలతో చూచినచో రంగు భేదము కంటికి కనబడును. మట్టి తీసినచోటనే మూరెడు చదరములో ఎన్ని దుబ్బులు, ఎన్ని కలుపుమొక్కలు, ఎంత వట్టినేల యున్నదో లెక్కించి పుస్తకములో వ్రాయవలెను. ఆ పుస్తకమును వచ్చు తరగతివారికి అప్పగింపవలెను. ఒక యేటి లెక్క స్వల్పవిషయమే. పదియేండ్ల లెక్క యైనచో, ఊరిపెద్దలయెదుట పెట్టి "ఈ బీడు బంజరు కాదు" అని చూపదగిన సాక్ష్యమగును. ఇంటికి వెళ్లి తాతలను, మేనమామలను ఏ గడ్డికి ఏ పేరో యడిగి వ్రాసికొనుట దానికంటె ముందు చేయవలసిన పని. పేరు మఱచిన మొక్క పోయినను ఎవ్వరికిని తెలియదు.

తల్లిదండ్రులకు మా మనవి యింతే. మీ చేనికి నత్రజని కొఱత యైనచో ఎరువు వేయుడు, మంద కట్టించుడు, కంది పెసర విత్తుడు. చేను మీ శ్రమకు ఫలమిచ్చు నేల, దానికి సారము కావలెను. బీడు మీరు విత్తకయే ఫలమిచ్చు నేల, దాని సన్నదనమే దానికి బలము. గ్రామసభలో మేతభూమిని బంజరని వ్రాయించుటకు, లేక దానిలో మొక్కలు నాటించుటకు మాట వచ్చినప్పుడు, చేయెత్తుటకు ముందు ఒకమారు ఆ బీటిలోనికి నడచి దుబ్బులను చూచి రండు. దుబ్బుగడ్డి నిలిచియున్నచో ఆ నేలను అట్లే యుండనిండు. దానికి మనము చేయదగిన గొప్ప యుపకారము, దానికి లేనిదానిని తెచ్చి పెట్టకుండుటయే.